నిచ్చెన దగ్గరి దీపం

మా పెళ్ళయ్యాక మా బావ నాతో ఉన్న రోజులకంటే రంగంలో ఉన్న రోజులే ఎక్కువ. రంగూన్‌ని మావైపు రంగం అనేవారు. ఉద్దానంలో ఏ ఇంటికి సంబంధం చూడ్డానికి వెళ్ళినా కొబ్బరితోట ఎంత, జీడితోట ఎంత అని అడిగాక, రంగంలో ఎవరున్నారు అని అడిగేవారు. మా ఇంట్లో మా బావ ఉన్నాడు. మేనత్త కొడుకే కాబట్టి నాకు ఊహ తెలిసినప్పటినుంచీ బావే, పెళ్ళయ్యాకా బావే. ఏవండీ అని పిలవడం మా ఇళ్ళలో లేదు. ఉన్నా నా నోటికి వచ్చేది కాదు.

రంగం వెళ్ళినవాళ్ళలో చాలామంది బియ్యం మిల్లుల్లోనో, రేవులో బస్తాలు మోసేచోటో కుదురుకునేవారు. బావ మాత్రం ఓడలు బాగుచేసే చోట చేరి కరెంటు పని నేర్చుకున్నాడు. టెక్కలి దగ్గర మా పుట్టింటికి వెళ్ళినప్పుడు ఎవరైనా అడిగితే "ఓడల్లో దీపాలు పెడతాడు" అని చెప్పేదాన్ని. అంతకుమించి నాకూ తెలీదు.

"దీపాలెట్టడానికి సముద్రం దాటాలేటే? మరి మీ ఇంట్లో దీపం ఎవులెడతన్నారు?" అని మా పెద్దమ్మ వేళాకోళం చేసేది. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. తిరిగి వచ్చాక మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకునేది. మా ఇంట్లో దీపం నేనే పెట్టేదాన్ని, దాని ఎదురుగా నేనే కూర్చునేదాన్ని.

మాది విడతల కాపురం. సెలవు మీద వచ్చేవాడు, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయేవాడు. వచ్చిన కొత్తలో నాకతని ఎదుట మాట పెగిలేది కాదు. సిగ్గు తీరి, అలవాటు పడి, ఏ కూర ఇష్టమో మళ్ళీ గుర్తు తెచ్చుకునే వేళకి ఓడ వచ్చే రోజు దగ్గరపడేది. సెలవు మనిషితో తీరిగ్గా దెబ్బలాడుకోవడానిక్కూడా వీల్లేదు. కోపం వచ్చినా ఓడ గుర్తొచ్చి నోరు మూసుకోవాలి. నాకేమో నోరు మూసుకోవడం చేతకాదు. ఏడాదంతా ఇంట్లో ఉండే మొగుడితో కడుపునిండా దెబ్బలాడే ఆడవాళ్ళని చూస్తే నాకెంత కుళ్ళుగా ఉండేదో చెప్పలేను.

ఇప్పుడు రాస్తున్నది ఆ విడతల్లో ఒకదాని గురించి. బావ ఇంక వెళ్ళక్కర్లేదని నేను నమ్మిన విడత అది.

బారువ రేవులో పెద్ద ఓడ ఒడ్డుదాకా వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. ఓడెక్కేవాళ్ళని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర్నుంచి లాంచిలో తీసుకెళ్ళేవారు. లాంచిని ఓడ పక్కన ఆపితే, పైనుంచి వేలాడే నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. ఆ లాంచి ఓడల కంపెనీవాళ్ళది. దాని ఇంజను ఒక డైనమోని తిప్పేది, ఆ డైనమో బ్యాటరీలకి కరెంటు నింపేది. స్తంభం మీద ఒక దీపం, పక్కల ఎర్రదీ పచ్చదీ, ఇంజను గదిలో ఇంకొకటి. మా చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు దీపం చూడాలంటే ఆ లాంచి దగ్గరికే వెళ్ళాలి. పొద్దుగూకే వేళ అవి వెలిగితే జనం ఇసకలో కూర్చుని తమాషా చూసినట్టు చూసేవారు.

కానీ అసలు కావలసిన చోట దీపం లేదు. నిచ్చెన ఎక్కేచోట చీకటే. ఒక సాయంత్రం ఓడ ఆలస్యంగా వచ్చినప్పుడు ఒక ముసలాయన కాలు జారి లాంచికీ ఓడకీ మధ్య పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు. ఆ తర్వాత, నిచ్చెన దగ్గర కూడా ఒక దీపం పెట్టాలని పైనుంచి కంపెనీ దొర హుకుం పంపించాడు. సరిగ్గా అప్పుడే బావ సెలవు మీద వచ్చి ఉన్నాడు. రేవు చూసుకునే కంపెనీ ఏజెంటు అతన్ని పిలిపించాడు.

"దీపం పెట్టు. వచ్చే ఓడకి దొరగారు స్వయంగా వస్తున్నారు. చూసి బాగుందన్నారంటే లాంచి కరెంటు పని నీకే ఇప్పిస్తాను. ఇంక సముద్రం దాటే పనిలేదు" అన్నాడట.

బావ ఈ మాట ఇంటికొచ్చి మామూలుగానే చెప్పాడు. మా అత్త పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి కొడుకు తల నిమిరింది. నేను పెరట్లోకి వెళ్ళి పనసచెట్టు కింద నిలబడ్డాను. ఆ చెట్టు కాపుకొచ్చినప్పుడు బావ ఎప్పుడూ ఇంట్లో లేడు. ఈ ఏడు పండు కోసి అతని ముందు పెడతాను, మొదటి తొన అతనే తినాలి అనుకున్నాను. అంత చిన్న కోరిక నా మనసులో అన్నాళ్ళు ఉందని నాకే తెలీదు.

తీగా, బల్బూ, ఫ్యూజులూ రైల్లో పలాసకి రావాలి. అవి వచ్చేలోగా బావ రోజూ లాంచి దగ్గరికి వెళ్ళి ఏవో కొలుచుకుని వచ్చేవాడు. అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు తాళ్ళు పరిచి, ఎక్కణ్ణుంచి ఎక్కడికి లాగాలో లెక్క వేసుకునేవాడు. నాకు తొందర ఎక్కువ.

"స్తంభం దీపానికెళ్ళే వైరు ఆ పక్కనించే పోతంది కదా బావా. దానికే ముడేసీసి కొత్త దీపానికి లాగీసుకుంటే ఒక్క పూటలో అయిపోద్ది కదేటి?" అన్నాను.

"ఒలే, నూతికాడ తాడుకి ఎన్ని సేదలు కడతావు?"

"ఒకటే."

"అది ఒక సేద బరువుకి పేనిన తాడు. నీకు తొందరుందని రెండు కడితే ఏటవుద్ది?"

"తెగుద్ది."

"తాడైతే తెగుద్ది. వైరైతే ఎంటనే తెగదు. లోపల్లోపల కాగుద్ది. సెక్కల మజ్జిన, గోనె గుడ్డల మజ్జిన, ఎవులికీ కనబడకుండా కాగుద్ది. అందుకే కొత్త దీపానికి బోర్డు కాడినించే కొత్త వైరు లాగాల. దానికి దాని ఫ్యూజు, దాని మీట ఏరేగా ఉండాల."

ఫ్యూజంటే ఏమిటో అప్పుడే చెప్పాడు. తీగ భరించగలిగేదానికంటే తక్కువకే కరిగి తెగిపోయే సన్నపు ముక్కట. తెగిపోయేదాన్ని తెలిసి తెలిసి పెట్టడమేమిటని నేను నవ్వాను.

"ఎక్కడో ఒక సోట తెగక తప్పనప్పుడు, మనం సూసుకున్న సోటే తెగాల కదే" అన్నాడు. నవ్వలేదు. పని గురించి మాట్లాడేటప్పుడు నవ్వేవాడు కాదు. నాకు ఆ ముఖమే ఎక్కువ ఇష్టం. రంగంలో ఉన్నప్పుడు అతను ఇలాగే ఉంటాడు కాబోలని, నాకు దక్కని ముఖాన్ని చూస్తున్నట్టుండేది.

పలాస స్టేషన్లో పార్శిలు దిగిందని కబురొచ్చాక బావ బండి కట్టుకుని వెళ్ళి తెచ్చాడు. మర్నాడే పని మొదలుపెట్టాడు. ముందు బ్యాటరీల కొసలు విప్పేశాడు. అవి విప్పకుండా తీగ ముట్టుకోడు. ఉన్న దీపాలన్నీ కలిసి ఎంత కరెంటు తింటున్నాయి, ఇంకో దీపాన్ని డైనమో మొయ్యగలదా లేదా చూసుకున్నాడు. మొయ్యగలదని తేలాకే తీగ చుట్ట విప్పాడు. లాంచి అడుగున నీరు నిలిచేచోటికి తీగ దిగకుండా, పైన చెక్క అంచు వెంట లాగాడు. చెక్క తొలిచిన చోటల్లా తీగ ఒరుసుకోకుండా వెదురు గొట్టం ముక్క దూర్చాడు. దీపం గూట్లోకి వెళ్ళేముందు తీగని కిందికి వంపు తిప్పాడు. మీద పడ్డ నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయట, లోపలికి వెళ్ళవట. ఎక్కడా మధ్యలో అతుకు వెయ్యలేదు. ఇందులో చాలామటుకు నేను కళ్ళారా చూశాను, ఎందుకంటే ఆ రోజే నేనూ లాంచి ఎక్కాను.

మామూలుగా మావైపు సముద్రం మీదికెళ్ళే పడవని ఆడది ముట్టుకోకూడదు. మొగలి పొదల పక్కనుంచి బావకి అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళి ఏటి ఒడ్డునే నిలబడ్డాను. ఇంజను డ్రైవరు జ్వరమని రాలేదు. తీగ రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక బావ ఇటూ అటూ తిరుగుతున్నాడు. లాంచి నడిపే పెద్దని తండేలు అంటారు. ఆ తండేలు ముసలివాడు, మాకు వరసకి మావ. నన్ను చూసి చుట్ట తీసి, "రాయే, ఎక్కు. వల లేని పడవకి ఆడగాలి ఏటి సేత్తది?" అన్నాడు. ఆయన ఆ మాట అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. ఆయన మనసు మార్చుకునేలోగా ఎక్కేశాను.

బావ నా చేతికి ఒక గంట ఇచ్చాడు. పూజ గంట కాదు, చిన్న బ్యాటరీ తగిలించిన కరెంటు గంట, రంగంనుంచి తెచ్చుకున్నది. తీగ సరిగా ఉందో లేదో దాంతో తెలుస్తుందట. బల్బు పెట్టకుండా రెండు తీగల మధ్య గంట తగిలిస్తే మోగకూడదు. మోగిందంటే లోపల ఎక్కడో రెండూ ఒకదాన్నొకటి ముట్టుకుంటున్నట్టే. బావ కొత్త తీగ పొడుగునా వేళ్ళతో అదుముతూ, కదుపుతూ వెళ్ళాడు. నేను గంట పట్టుకుని చెవి ఒగ్గి కూర్చున్నాను. మోగలేదు. "మోగిందేటి?" అని అక్కణ్ణుంచి అరిచేవాడు. "నేదు" అని నేను ఇక్కణ్ణుంచి అరిచేదాన్ని. మళ్ళీ అతను, మళ్ళీ నేను. ఏటి గాలి, లాంచి ఊగడం, అతని గొంతు నన్ను వెతుక్కుంటూ రావడం. నా జీవితంలో మేమిద్దరం కలిసి ఒక పని చేసింది అదొక్కసారే. ఆ పూట ఇప్పటికీ తిరిగి కావాలనిపిస్తుంది.

కొత్త తీగ పని అయిపోయింది. బోర్డుకి తగిలిస్తే దీపం వెలుగుతుంది. నేను లేవబోతే బావ ఆగమన్నాడు.

"కొత్తది కలిపీముందు పాతవి ఎలగున్నాయో సూడాల. అయ్యీ ఇదీ ఒక్క బోర్డు మీదే బతకాల కదా."

స్తంభం దీపం బల్బు తీసేసి, దానికి వెళ్ళే పాత తీగకి గంట తగిలించాడు. నా చేతిలో గంట మోగలేదు. అతను తీగని వేళ్ళతో అదిమాడు. గంట మోగింది. వదిలాడు, ఆగింది. ఇంకొంచెం పైన అదిమాడు, మళ్ళీ మోగింది. పక్క దీపాల తీగలూ అంతే. బావ చాకు తీసి పైనున్న నూలు అల్లిక కోశాడు. లోపల గట్టిగా ఉండాల్సిన రబ్బరు పనస బంకలా సాగింది. పైకి మాత్రం తీగ నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

అతనికంటే ముందు నాకే వాసన తెలిసింది. అది జీడినూనె.

జీడిపిక్కలు కాల్చినప్పుడు తొక్కల్లోంచి కారే నల్లటి నూనె అది. ఒంటికి తగిలితే తోలు ఊడొస్తుంది. నా వేళ్ళ మీదా మా అత్త వేళ్ళ మీదా ఎప్పుడూ దాని మచ్చలే. మావాళ్ళు దాన్ని పడవ చెక్కలకీ, వలలకీ, ఇంటి దూలాలకీ పూస్తారు. పూస్తే చెద పట్టదు, ఉప్పునీరు తినదు. ఉద్దానంలో దేన్నైనా పదికాలాలపాటు కాపాడాలంటే మావాళ్ళకి తెలిసిన మందు ఆ నూనే. రబ్బరుకి అది విషమని ఎవరికి తెలుసు?

"వైర్లకి ఇది ఎవులు రాసారు మావా?" అని బావ అడిగాడు.

తండేలు సంతోషంగా చెప్పాడు. "మీ అమ్మే కదరా! ఈ లాంచి వచ్చిన కాణ్ణించీ ఏడాదికో కుండ అదే మోసుకొచ్చి ఇత్తాది. సెక్కలకి రాయకపోయినా పరవాలేదు గానీ వైర్లకి మాత్రం బాగా రాయండొరే, అక్కడ నా కొడుకు సేసే పని ఇదేనట అంటాది. కూకుని దగ్గరుండి రాయించుద్ది. పాపం, ఆ వైర్లు సూసుకుని నిన్ను సూసినట్టే మురిసిపోద్దిరా."

బావ కోసిన తీగని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను గంట పక్కన పెట్టేశాను.

"ఈ మాట మా అమ్మ సెవిని పడనీకు మావా" అన్నాడు. తండేలుకి విషయం అప్పటికి అర్థమయింది. చుట్ట పారేసి ఒట్టు వేశాడు. ఆయన పోయేదాకా ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు.

బోర్డు తలుపు తీసి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. పాత దీపాల ఫ్యూజులు మాటిమాటికీ పోతున్నాయని ఎవరో వాటి బదులు లావుపాటి రాగితీగలు బిగించేశారు. ఇంక అవి తెగవు. తెగవు కాబట్టే దీపాలు ఇన్నాళ్ళూ వెలుగుతున్నాయి. పెద్ద అల కొట్టి లాంచి అదిరిన రోజున ఆ మెత్తబడ్డ రబ్బరులో రెండు తీగలూ కలిస్తే ఫ్యూజు బదులు చెక్కే అంటుకుంటుంది. పైగా తీగ పొడుగునా రాసి ఉన్నది నూనె. నాకు కరెంటు తెలీదు గానీ జీడినూనె ఎలా మండుతుందో బాగా తెలుసు.

ఆ సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే బావ వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. అత్త తోటలో ఉంది.

"ఉన్న కొత్త వైరు నిచ్చెన దీపానికే సరిపోయింది. పాతవన్నీ మార్చాలంటే మళ్ళీ తెప్పించాల. దొర వచ్చీలోగా రాదు" అన్నాడు. మళ్ళీ తనే, "రాగితీగలు అలాగే ఉంచీసి ఒక్క పూట యెలిగించీసి సూపించీవచ్చు. దొర ఎల్లాక నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఏటి సెయ్యమంటావు?" అన్నాడు.

"ఆ ఒక్క పూటా ఆగుద్దేటి?"

"ఆగితే ఆగుద్ది. అల కొడితే ఆగదు."

నా చేతులు నీళ్ళలో ఉన్నాయి. లాంచి నిండా పిల్లల్ని చంకనెత్తుకుని వెళ్ళే జనం నాకు గుర్తొచ్చారు. నిజమే. కానీ వాళ్ళకంటే ముందు గుర్తొచ్చింది నా పెరడు, నా పనసపండు, నా గుమ్మంలో ఈ మనిషి ఇలా కూర్చోవడం.

"నన్నడక్కు బావా. నన్నడిగితే ఉండిపొమ్మంటాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

అతను నన్ను ఓదార్చలేదు. తర్వాత లేచి, నేను కడిగిన బియ్యం తనే ఎసట్లో పోశాడు. మా ఇళ్ళలో మగవాళ్ళు ఆ పని చెయ్యరు. అదే అతని జవాబని నాకు అర్థమయింది.

మర్నాడు రాగితీగలు పీకి పారేశాడు. పాత తీగలన్నిటినీ బోర్డు దగ్గర విప్పేసి, కొసలకి గుడ్డ చుట్టి కట్టేశాడు. స్తంభానికీ పక్కలకీ కిరసనాయిలు లాంతర్లు వేలాడదీశాడు, పక్కవాటికి ఎర్ర అద్దం, పచ్చ అద్దం. నిచ్చెన దీపాన్ని మాత్రం దాని సొంత ఫ్యూజుతో బోర్డుకి కలిపాడు. ఇంజను నడిపించి, దీపం వెలిగించి, తీగ పొడుగునా అరచెయ్యి ఆనించి ఎక్కడైనా వేడెక్కుతోందా అని చూశాడు. చల్లగా ఉంది. మీట వేస్తే వెలిగింది, తీస్తే ఆరింది. అంత బాగా కుదిరిన పనిని చూసి ముఖం అంత దిగులుగా పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఏజెంటు వచ్చి లాంతర్లు చూసి నిప్పులు తొక్కినట్టు ఎగిరాడు. ఒడ్డున సగం ఊరు ఉంది. నేనూ ఉన్నాను.

"ఏమిటయ్యా ఇది? దొరగారు వచ్చేముందు కిరసనాయిలు లాంతర్లా? నిన్నొక దీపం పెట్టమంటే ఉన్నవన్నీ ఆర్పేశావా?"

"పాత వైర్లు పాడైపోనాయండి. యెలిగిత్తే నిప్పంటుకుంటాది."

"నువ్వు ముట్టుకోకముందు శుభ్రంగా వెలిగాయి కదా! నువ్వు చెయ్యి పెట్టాకే ఎలా పాడయ్యాయి?"

జవాబు బావ దగ్గర ఉంది. చెప్పాలంటే కుండ సంగతి చెప్పాలి. తల్లి పేరు చెప్పాలి, అదీ సగం ఊరి ముందు. అతను తల వంచుకుని నిలబడ్డాడు. తండేలు నీళ్ళవైపు చూస్తున్నాడు. నా నోరు నా మాట వినదని చెప్పాను కదా. ఆ రోజు మాత్రం పళ్ళు బిగపట్టుకున్నాను. బావ ఒక్కసారి నావైపు చూశాడు, ఆ చూపుకి కట్టుబడిపోయాను.

దొర వచ్చాడు, చూశాడు. స్తంభం మీద లాంతరు చూసి పెదవి విరిచాడు. ఏజెంటు చెవిలో ఏదో చెప్పాడు. తిరిగి ఓడెక్కేటప్పటికి పొద్దు గూకింది. బావ పెట్టిన దీపం వెలుతుర్లోనే ఆ దొర కాలు ఎక్కడ పెడుతున్నాడో చూసుకుని, పదిలంగా నిచ్చెనెక్కి వెళ్ళిపోయాడట. లాంచి పని బావకి రాలేదు. చేతకాని పనివాడన్న పేరు మాత్రం వచ్చింది. రంగంలో అంత పని నేర్చుకున్నవాడు మా రేవులో మూణ్ణాళ్ళకి పనికిమాలినవాడైపోయాడు. నిచ్చెన దీపాన్ని మాత్రం తియ్యలేదు. అది దొర హుకుం కదా.

పాత తీగలు పాడై బావకి పని పోయిందని అత్తకి ఎవరు చెప్పారో తెలీదు. ఏడుస్తూ వచ్చి అరుగు మీద కూలబడింది.

"నాదే తప్పురా నాయినా. మోకాళ్ళ నొప్పులని ఈ ఏడు కుండ అట్టుకెల్లనేదు. నూనె రాయించుంటే వైర్లు పాడయ్యీవి కావు. నీ పని పోయీది కాదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ నూనే, ఆ చేతులే నా మొగుణ్ణి నాకు కాకుండా చేశాయి అని అరవాలనిపించింది. అరిస్తే తప్పేముంది, నిజమే కదా. బావ వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. మచ్చలు పడ్డ ఆ వేళ్ళని తన చేతిలోకి తీసుకున్నాడు.

"కాదే అమ్మా. నువ్వు రాసిన నూనె వల్లే ఇన్నాళ్ళు నిలబడ్డాయి. నేకపోతే ఎప్పుడో పోయీవి" అన్నాడు.

అత్త ముఖం తేటపడింది. నేను లోపలికెళ్ళి తలుపు చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అతని మీద ప్రేమా, ఆవిడ మీద కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏది ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బావని మళ్ళీ రంగం తీసుకెళ్ళే ఓడ వచ్చిన రోజు సాయంత్రం అత్తా నేనూ ఇసకలోకి వెళ్ళి కూర్చున్నాం. మాలాంటి ఆడవాళ్ళు ఇంకా ఉన్నారక్కడ. బావ లాంచి ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, "నాను అందరికంటే ఆకర్ని ఎక్కుతాను. అందరూ ఎక్కీదాకా దీపం సూసుకోవాల కదా" అన్నాడు. పని ఇవ్వనివాళ్ళ దీపం నీకెందుకని అనబోయి ఊరుకున్నాను. వెళ్ళే మనిషితో దెబ్బలాట పెట్టుకోకూడదు.

అంతకుముందు ఎప్పుడు సాయంత్రం పూట ఓడ వచ్చినా, లాంచి దూరమయ్యాక మాకు కనిపించేది స్తంభం దీపం ఒక్కటే. ఎవరు ఎక్కారో, ఎవరు ఇంకా లాంచిలోనే ఉన్నారో తెలిసేది కాదు. ఓడ కూత వేసేదాకా ఎవరి మొగుడు ఇంకా వెళ్ళలేదని వాళ్ళు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. ఆ చీకట్లో ఆఖరి నిమిషంలో మనసు మారి అదే లాంచిలో వెనక్కి వచ్చేస్తాడని కూడా ఒక్కోసారి ఆశపడేదాన్ని.

ఈసారి ఓడ పక్కన దీపం వెలిగింది. అది ఒడ్డుకి కనిపిస్తుందని నాకప్పటిదాకా తోచనేలేదు. తెల్లగా, కదలకుండా, లాంతర్ల పక్కన ఎంత బాగా వెలిగిందో. దానికి అడ్డంగా ఒక మనిషి వెళ్ళినప్పుడల్లా ఒక్క క్షణం కనుమరుగై మళ్ళీ కనిపించేది. "అదిగో, ఒకలెక్కీసారు" అని పక్కనున్న ఆవిడ అంది. తర్వాత ఇంకొకరు. ఇసకలో కూర్చున్న ఆడవాళ్ళు మాట్లాడ్డం మానేసి ఆ దీపాన్నే చూస్తున్నారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు తెలిసిపోతోంది.

చాలాసేపు దీపానికి ఎవరూ అడ్డం రాలేదు. ఎక్కడం మానేశాడేమో, వచ్చేస్తున్నాడేమో అనుకున్నాను. అంతలో దీపం మళ్ళీ మరుగైంది. మిగతావాళ్ళ కంటే ఎక్కువసేపు మరుగైంది. మళ్ళీ కనిపించింది. ఇంక దాని ముందు ఎవరూ లేరు.

ఆ దీపాన్ని రాయి పెట్టి పగలగొట్టాలనిపించింది. అది లేకపోతే ఇంకాసేపు బావ ఎక్కలేదనుకుని ఉండేదాన్ని. ఏళ్ళ తరబడి ఓడ వచ్చిన ప్రతిసారీ నాకు దక్కే ఆ కాస్తసేపూ కూడా అతని చేతిపనే తీసేసుకుంది.

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. ఏళ్ళ తరబడి జీడి పొగలో కూర్చుని ఆవిడ చూపు మందగించింది. అంత దూరంలో దీపం ఉన్నట్టే ఆవిడకి తెలీదు.

"ఒలమ్మీ, ఎక్కీసాడేటి?" అని అడిగింది.

ఆవిడ మీద కోపం పోయిందా అంటే పోలేదు.

"ఇంకా నేదత్తా. లాంచిలోనే ఉన్నాడు" అన్నాను.

"అయితే ఇంకాసేపు కూకుందామే" అంది. ఇద్దరం కూర్చున్నాం.